పాఠకుల ప్రశ్నలు: ఎగుమతి, దిగుమతులకు ఏ కాగితం ముందు?

సరుకును విదేశాలకు పంపాలన్నా, అక్కడి నుంచి తెప్పించుకోవాలన్నా ఏయే పత్రాలు కావాలని అడుగుతూ ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయిస్తున్నాను. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట వారిలో ఒకరి ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాను.

ప్రశ్న: నేను జూట్ సంచులు కుట్టించి అమ్ముతుంటాను. ఎగుమతి చేయడానికి ఐఈసీ తీసుకోవాలంటే ఆన్‌లైన్‌లో రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది. పాన్ కార్డులో నా పేరు ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా ఉంది. ఆధార్‌లో మాది శ్రీకాకుళం జిల్లా అని ఉంది. సంచులు కుట్టించే ఇంటి కరెంటు బిల్లు చనిపోయిన మా తాతగారి పేరు మీదే వస్తోంది. నోటరీ అఫిడవిట్ ఇస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: అఫిడవిట్‌తో ఈ పని జరగదు. ఐఈసీ అంటే ఎగుమతి, దిగుమతిదారులకు కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ ఇచ్చే కోడ్. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం ప్రకారం ఇది లేనిదే వ్యాపార సరుకు దేశం దాటడానికి గాని, దేశంలోకి రావడానికి గాని వీల్లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి దీనికి వేరే అంకె లేదు. మీ పాన్ సంఖ్యే మీ ఐఈసీ సంఖ్య. కనుక దరఖాస్తులో మీరు రాసే పేరును, పుట్టిన తేదీని కంప్యూటర్ నేరుగా పాన్ వివరాలతో పోల్చి చూస్తుంది. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ చెప్పిన మాట కంప్యూటర్‌కు ఎక్కదు.

ఈ పేర్ల తేడా మన ప్రాంతంలో ఎంత మందిని ఇబ్బంది పెడుతోందో చెప్పలేను. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, పాన్ దరఖాస్తు మాత్రం దాన్ని చివరి పేరుగా అడుగుతుంది. బడిలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం రాసి సరిపెడతారు, బ్యాంకులో పూర్తిగా రాయమంటారు. ఇక అప్పలనాయుడు, అప్పలరాజు, సూర్యనారాయణ వంటి పేర్లు లేని వీధి మన జిల్లాల్లో అరుదు. వాటిని ఇంగ్లిషులో రాసేటప్పుడు ‘అప్పల’లో ఒకచోట ఒక ‘పీ’, మరోచోట రెండు ‘పీ’లు పడతాయి, ‘సూర్య’, ‘నారాయణ’ ఒకచోట కలిసి ఉంటాయి, ఒకచోట విడిపోతాయి. తెలుగులో చదివితే ఏ తేడా కనపడదు గనుక ఎవరూ పట్టించుకోరు. తీరా దరఖాస్తు నింపే రోజున ఆ ఒక్క అక్షరమే పనిని ఆపేస్తుంది.

కాబట్టి దరఖాస్తును కొన్నాళ్లు పక్కన పెట్టండి. పాన్, ఆధార్, బ్యాంకు పాస్‌పుస్తకం, పదో తరగతి సర్టిఫికెట్ ఎదురుగా పరిచి, పేరును ఒక్కో ఇంగ్లిషు అక్షరం చొప్పున పోల్చి చూడండి. వాటిలో సరైన పేరు ఏదో తేల్చుకుని, పాన్‌లో తప్పుంటే ముందుగా పాన్‌నే సరిచేయించండి. పాన్ సరిగ్గానే ఉంటే ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను దానికి అనుగుణంగా మార్పించండి. దరఖాస్తు చివర ఆధార్ ఓటీపీతో గాని, డిజిటల్ సంతకంతో గాని సంతకం చేయాలి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు ఇప్పటికీ మీ చేతిలో ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

జిల్లా సంగతి మీ ఒక్కరి సమస్య కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాత ఆధార్‌లో పాత జిల్లా, కొత్త పత్రాల్లో కొత్త జిల్లా ఉండటం అందుకే. పాలకొండ, పార్వతీపురం, సాలూరు వైపు పాఠకులకు కూడా ఇదే చిక్కు. వారి ఊళ్లు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. ఆధార్ చిరునామాను కొత్త జిల్లాకు మార్పించుకుని, ఆ తర్వాత తీసుకునే ప్రతి పత్రంలోనూ డోర్ నంబరు, వీధి, మండలం, జిల్లా, పిన్‌కోడ్ అదే వరసలో, అదే అక్షరాలతో రాయండి. ఇది చాదస్తంగా తోచవచ్చు గాని, నెలల తర్వాత కస్టమ్స్ దగ్గరా, జీఎస్టీ రీఫండు దగ్గరా మిమ్మల్ని కాపాడేది ఈ జాగ్రత్తే.

వ్యాపార స్థలం రుజువు విషయానికి వస్తే, అమ్మకపు దస్తావేజు, అద్దె లేదా లీజు ఒప్పందం, కరెంటు బిల్లు, ల్యాండ్‌లైన్ లేదా పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు, వీటిలో ఏదైనా చెల్లుతుంది. మీలా ఒక్కరే యజమానిగా నడిపే సంస్థకైతే ఆధార్, పాస్‌పోర్టు, ఓటరు కార్డు కూడా చెల్లుతాయి. చూపే పత్రం మీ సంస్థ పేరు మీద లేనప్పుడు, ఆ స్థలం యజమాని నుంచి ‘ఈ చోట వ్యాపారం చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు’ అనే లేఖను దానికి జతచేయాలి. మీ తాతగారు లేరు గనుక ఆ లేఖ ఇవ్వగలిగేవారు ప్రస్తుత వారసులు. మీటరును విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో మీ నాన్నగారి పేరుకు మార్పించి, ఆయనతో ఒక అద్దె ఒప్పందం రాయించుకోవడం అన్నిటికంటే మేలైన దారి. తండ్రీకొడుకుల మధ్య అద్దె ఒప్పందమేమిటని మొహమాటపడవద్దు. రేపు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కూ అదే కాగితం పనికివస్తుంది.

ప్రశ్న: ఉద్యమ్, బ్యాంకులో వ్యాపారానికి తెరిచే కరెంటు ఖాతా, జీఎస్టీ, ఐఈసీ, వీటిలో ఏది ముందు, ఏది తర్వాత? బ్యాంకుకు వెళ్తే సంస్థ పేరు మీద రుజువు తెమ్మంటున్నారు, ఐఈసీకి వెళ్తే బ్యాంకు ఖాతా అడుగుతున్నారు.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఈ ముడిని విప్పేది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జూలై 1 నుంచి చిన్న, మధ్యతరహా సంస్థల నమోదు ఈ పేరుతోనే జరుగుతోంది. దీనికి ఆధార్, పాన్ చాలు, రుసుము ఏమీ లేదు. డబ్బు అడిగిన వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదని గుర్తించండి. ఉద్యమ్ ధ్రువపత్రంలో మీ సంస్థ పేరు ఉంటుంది గనుక దానితో బ్యాంకులో కరెంటు ఖాతా తెరవవచ్చు. రెండో రుజువు కూడా అడిగితే జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ను ముందుకు జరపండి. ఖాతా తెరిచాక చెక్కు పుస్తకం వచ్చేవరకు ఆగండి. ఐఈసీకి జతచేసే రద్దు చేసిన చెక్కు మీద ఖాతాదారు పేరు అచ్చై ఉండాలి, పెన్నుతో రాసింది చెల్లదు. అచ్చు చెక్కు లేకపోతే డీజీఎఫ్‌టీ నిర్ణయించిన నమూనాలో బ్యాంకు నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు.

ఆ తర్వాతే ఐఈసీ. ప్రభుత్వ రుసుము 500 రూపాయలు. వివరాలన్నీ సరిపోతే, రుసుము చెల్లించిన కొద్దిసేపటికే ధ్రువపత్రం సిద్ధమవుతుంది. ‘విశాఖపట్నం కార్యాలయంలో మనిషి ఉన్నాడు, పది వేలిస్తే చేయిస్తాను’ అనే వారి మాట నమ్మకండి. కంప్యూటర్‌తో అలవాటు లేక ఎవరి సాయమైనా తీసుకుంటే వారి శ్రమకు ఇవ్వండి, తప్పులేదు. కానీ ఫోన్ నంబరు, ఈమెయిలు మాత్రం మీవే ఇవ్వండి. మధ్యవర్తి ఈమెయిలు ఇచ్చి, రెండేళ్ల తర్వాత అతడు దొరకక తమ ఐఈసీ ఖాతాలోకి తామే ప్రవేశించలేకపోయిన వారిని నేను చూశాను.

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాను. దుబాయ్‌లోని ఒక వర్తకుడు నమూనా చూసి ఆర్డరు ఇస్తానన్నాడు. జీఎస్టీ కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నాను. ఐఈసీ నిన్ననే వచ్చింది. ఇక సరుకు పంపవచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఇంకా పంపలేరు. మొదటి అడ్డంకి కాంపోజిషనే, అంటే చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతి. ఎగుమతిని చట్టం అంతర్రాష్ట్ర సరఫరాగా చూస్తుంది. కాంపోజిషన్‌లో ఉన్నవారు రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు. కనుక ముందుగా సాధారణ జీఎస్టీ పద్ధతికి మారాలి. ఆ తర్వాత ఎల్‌యూటీ అనే హామీ పత్రాన్ని జీఎస్టీ పోర్టల్‌లోనే దాఖలు చేయాలి. దాని ఫారం పేరు ఆర్ఎఫ్‌డీ-11. ఇద్దరు సాక్షుల పేర్లు, చిరునామాలు అడుగుతుంది, వాటిని ముందే సిద్ధంగా ఉంచుకోండి. ఎల్‌యూటీ ఉంటే ఐజీఎస్టీ, అంటే అంతర్రాష్ట్ర సరఫరా మీద పడే జీఎస్టీ, కట్టకుండానే సరుకు పంపవచ్చు. లేకపోతే ముందు పన్ను కట్టి, తర్వాత రీఫండు కోసం ఎదురుచూడాలి. పెట్టుబడి అంతా పప్పులోనే ఉండే మీలాంటి వారికి అది భారం. ఎల్‌యూటీ ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, మళ్లీ ఏప్రిల్‌లో కొత్తది వేయాలి. ఇన్‌వాయిస్ తేదీ నుంచి మూడు నెలల్లోగా సరుకు దేశం దాటకపోతే, వడ్డీతో సహా పన్ను కట్టవలసి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

రెండోది ఏడీ కోడ్. విదేశీ మారకద్రవ్య లావాదేవీలకు రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన బ్యాంకు శాఖకు ఉండే సంఖ్య అది. మీ ఖాతా ఉన్న బ్యాంకు ఒక లేఖ ఇస్తుంది. దానిని కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో, మీ సరుకు వెళ్లే రేవుకు నమోదు చేయాలి. ఇది లేకుండా ఆ రేవులో షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి కోసం కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం, తయారు కాదు. చిన్న ఊళ్లలోని శాఖలన్నిటికీ విదేశీ మారకద్రవ్య పని ఉండదు. మీ శాఖలో ఆ మాట ఎత్తితే కొత్తగా వింటున్నట్టు చూడవచ్చు. నిరాశపడకుండా, ఆ బ్యాంకుకు విశాఖపట్నంలో విదేశీ మారకద్రవ్య శాఖ ఎక్కడుందో అడిగి, అక్కడి నుంచి లేఖ తెప్పించమని రాతపూర్వకంగా కోరండి. లేఖ చేతికి రాగానే సంస్థ పేరును, ఐఈసీని, ఖాతా సంఖ్యను అక్షరం అక్షరం చదవండి.

ఈ చివరి మాట ఊరికే చెప్పడం లేదు. నేను ఎగుమతి పత్రాల పని మొదలుపెట్టిన తొలినాళ్లలో ఒక సంస్థ లేఖలో ‘ట్రేడర్స్’కు బదులు ‘ట్రేడింగ్’ అని పడింది. ఇచ్చిన బ్యాంకువారూ చూడలేదు, నేనూ చూడలేదు. సరుకు విశాఖ కంటైనర్ యార్డుకు చేరాక బయటపడింది. కొత్త లేఖ వచ్చేలోగా ఓడ వెళ్లిపోయింది. తర్వాతి ఓడ వచ్చేవరకు యార్డు అద్దె ఆ వర్తకుడే కట్టుకున్నాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు గాని, ఆ బాధ నాకు ఈనాటికీ ఉంది. అప్పటి నుంచి ప్రతి లేఖనూ వేలు పెట్టి చదివిస్తున్నాను.

ఇక ఇన్‌వాయిస్ గురించి. ‘జీడిపప్పు, పది టిన్నులు’ అని రాస్తే చాలదు. గుండు పప్పా, బద్దా, ముక్కా. గుండు అయితే డబ్ల్యూ 240 రకమా, 320 రకమా అన్నది రాయాలి. ఆ అంకె ఒక పౌండు బరువుకు ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ దుబాయ్‌లో తూకం వేసేవాడు ఆ అంకెనే పట్టుకుని పేచీ పెడతాడు. టిన్ను నికర బరువు 11.34 కిలోలైతే, అంటే ఎగుమతుల్లో వాడుకలో ఉన్న 25 పౌండ్ల టిన్నైతే, అలాగే రాయండి, గుండ్రంగా 11 అని వేయవద్దు. సరుకులను గుర్తించడానికి కస్టమ్స్ వాడే హెచ్ఎస్ సంఖ్య పొట్టు తీసిన పప్పుకు 0801.32తో, పిక్కకు, అంటే ఒలవని జీడిగింజకు 0801.31తో మొదలవుతుంది. రెండింటికీ ఒక్క అంకే తేడా గనుక పొరపాటుకు అవకాశం ఎక్కువ. ఎల్‌యూటీ కింద పన్ను చెల్లించకుండా ఎగుమతి చేస్తున్నట్టు ఇన్‌వాయిస్ మీద ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి. దీనితో పాటు ప్యాకింగ్ జాబితా, ఎగుమతిదారుగా కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, కొనుగోలుదారు అడిగితే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, సరుకు మూలదేశ ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి. షిప్పింగ్ బిల్లును లైసెన్సు గల కస్టమ్స్ బ్రోకరు ద్వారా వేయించడం మొదటిసారి మంచిది. ఎగుమతి ప్రోత్సాహక మండలి ఇచ్చే ఆర్‌సీఎంసీ, అంటే నమోదు, సభ్యత్వ ధ్రువపత్రం, ప్రభుత్వ రాయితీలు కోరేటప్పుడు అవసరమవుతుంది. ఏ సరుకుకు ఏ మండలి అన్నది విదేశీ వాణిజ్య విధానపు అనుబంధం 2టీలో ఉంది.

ప్రశ్న: మా కాశీబుగ్గలో పిక్క చాలని నెలల్లో ఆఫ్రికా పిక్క తెప్పించుకుందామని నలుగురం అనుకుంటున్నాం. దిగుమతికి వేరే కోడ్ తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: వేరే కోడ్ అక్కర్లేదు, ఒకే ఐఈసీ రెండింటికీ చెల్లుతుంది. అయితే నలుగురూ కలిసి తెప్పించుకోవాలంటే ఎవరి ఐఈసీ మీద వస్తే కస్టమ్స్ దృష్టిలో వారే దిగుమతిదారు, బాధ్యతలన్నీ వారివే. నోటిమాట మీద నడపకుండా, భాగస్వామ్య సంస్థ పెట్టి ఒప్పంద పత్రం రిజిస్టర్ చేయించి, సంస్థ పాన్ మీద ఐఈసీ తీసుకోండి.

పిక్క మొక్క ఉత్పత్తి గనుక 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు దీనికి వర్తిస్తుంది. పంపే దేశపు అధికారి ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం సరుకుతో పాటు రావాలి. ఆ దేశపు పిక్క ఏ షరతుల మీద రావచ్చో ఉత్తర్వులోని షెడ్యూళ్లలో ఉంటుంది. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే దాన్ని చూడండి, సరుకు ఓడ ఎక్కాక చూసి ప్రయోజనం లేదు. ఆహార సరుకు దిగుమతిదారుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ కేంద్ర లైసెన్సు కావాలి, రాష్ట్ర లైసెన్సు పనికిరాదు. కస్టమ్స్‌లో వేసే దిగుమతి పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీని ఓడ చేరే రోజుకు ముందు రోజు ముగిసేలోగా దాఖలు చేయాలన్నది సాధారణ నియమం. ఆలస్యమైతే మొదటి 3 రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయల చొప్పున రుసుము పడుతుంది. పిక్కకు బదులు చవకగా వస్తుందని తయారు పప్పునే తెప్పించే ఆలోచన ఎవరైనా పెడితే ఒప్పుకోకండి. 2019 జూన్‌లో ముక్క పప్పుకు కిలో 680, గుండు పప్పుకు కిలో 720 రూపాయలను కనీస దిగుమతి ధరగా డీజీఎఫ్‌టీ నిర్ణయించింది. పలాస లాంటి ఊళ్లలో పప్పు ఒలిచే చేతులకు పని నిలవాలంటే ఇలాంటి కట్టడి ఉండవలసిందేనని నా అభిప్రాయం.

ప్రశ్న: మా డ్వాక్రా సంఘం పదిమంది ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చళ్లు పెడతాం. అమెరికాలో ఒక దుకాణం అడుగుతోంది. సంఘం పేరు మీద ఐఈసీ వస్తుందా?
– ఒక పాఠకురాలు, గజపతినగరం

జవాబు: పాన్ లేని సంఘానికి రాదమ్మా. పొదుపు సంఘంగా మీకు బ్యాంకు ఖాతా ఉన్నా, ఐఈసీ దరఖాస్తులో యజమాని సంస్థ, భాగస్వామ్యం, కంపెనీ, సొసైటీ, ట్రస్టు వంటి రూపాల్లో ఒకదానిని ఎంచుకోవాలి. సభ్యుల్లో ఒకరి పేరు మీద తీసుకోవడం తేలిక. కానీ డబ్బంతా ఆమె ఖాతాకే వస్తుంది, పన్ను బాధ్యతా ఆమెకే చుట్టుకుంటుంది. పదేళ్ల స్నేహాలు అక్కడే చెడిపోతాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదై, ఆ సంఘం పేరు మీద పాన్ తీసుకోవడం కాస్త ఆలస్యమైనా మీకు శ్రేయస్కరం. మీ గ్రామ సంఘం లెక్కలు చూసేవారిని అడిగితే దారి చెబుతారు.

పచ్చళ్లు అపెడా, అంటే వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ, పరిధిలోని సరుకు, ఆర్‌సీఎంసీ అక్కడే తీసుకోవాలి. ఎగుమతికి ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఉండాలి. అమెరికా వైపు నియమాలు మరింత గట్టివి. ఆహారం తయారయ్యే చోటును అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వద్ద నమోదు చేయించాలి, అమెరికాలో ఉండే ఒకరిని ఏజెంటుగా చూపాలి, ప్రతి రెండేళ్లకూ నమోదును పునరుద్ధరించాలి, సరుకు చేరేముందు ప్రతిసారీ ముందస్తు సమాచారం ఇవ్వాలి. పులుపు కలిపి నిల్వ చేసే పదార్థాలకు తయారీ విధానాన్ని కూడా దాఖలు చేయవలసి రావచ్చు. ఇవన్నీ మీరొక్కరే మోయనక్కర్లేదు. ఆ దుకాణంవారు ఇంతకుముందు ఎవరి పచ్చళ్లు తెప్పించారో, ఏజెంటుగా ఎవరున్నారో మొదటి ఉత్తరంలోనే అడగండి. జాడీ మీద అంటించే చీటీలో వేరుశనగ, నువ్వులు, ఆవపిండి వంటి వాటిని ఒక్కటీ వదలకుండా రాయండి. వాటిలో ఏదో ఒకటి పడనివారు తింటే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: అమెరికాలోని మా అమ్మాయికి పురుటి సమయంలో మినప సున్నుండలు, కారప్పొడి పంపడానికి కూడా ఐఈసీ కావాలన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అవసరం లేదు. వ్యాపారంతో సంబంధం లేకుండా సొంత వాడకానికి పంపే, తెప్పించుకునే వస్తువులకు ఐఈసీ మినహాయింపు ఉంది. పార్సెలు మీద లోపల ఏముందో ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి. ఇలాగే, ఇంటి నుంచి విదేశీ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసే అబ్బాయి గురించి అడిగిన నరసన్నపేట పాఠకుడికి: విదేశీ వాణిజ్య విధానం కింద ఏదైనా రాయితీ కోరితే తప్ప సేవల ఎగుమతికి ఐఈసీ అక్కర్లేదు.

ప్రశ్న: బుడితి ఇత్తడి సామాను పంపుదామని మూడేళ్ల క్రితం ఐఈసీ తీసుకున్నాను. ఒక్క ఆర్డరూ రాలేదు. ఇప్పుడు ఆర్డరు వస్తే, కోడ్ పనిచేయడం లేదని చూపిస్తోంది. మళ్లీ కొత్తది తీసుకోవాలా? నాలుగు చెంబులు, రెండు పళ్లేలే కనుక ఓడ దాకా వెళ్లాలా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: కొత్తది అక్కర్లేదు, ఒక పాన్‌కు ఒకే ఐఈసీ ఉంటుంది. 2021లో వచ్చిన నియమం ప్రకారం ప్రతి సంవత్సరం ఏప్రిల్, జూన్ నెలల మధ్య ఐఈసీ వివరాలను పోర్టల్‌లో ధ్రువీకరించాలి. ఏ మార్పూ లేకపోయినా, ఒక్క ఎగుమతి చేయకపోయినా ధ్రువీకరించాల్సిందే. ఆ మూడు నెలల్లో చేస్తే రుసుము లేదు. చేయనివారి కోడ్‌ను నిలిపివేస్తారు, రద్దు చేయరు. ఇప్పుడు పోర్టల్‌లోకి వెళ్లి వివరాలు సరిచూసి, సవరణ రుసుము చెల్లించి సమర్పిస్తే కోడ్ మళ్లీ పనిచేస్తుంది.

నాలుగు చెంబులకు ఓడ అవసరం లేదు. తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా చిన్న ఎగుమతి పార్సెళ్లను తీసుకుంటోంది. షిప్పింగ్ బిల్లుకు బదులు పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్‌ను ఆన్‌లైన్‌లో నింపితే సరిపోతుంది. ఐఈసీ, జీఎస్టీ, ఎల్‌యూటీ మాత్రం ఇక్కడా ఉండాలి. మీ ఊరి హెడ్ పోస్టాఫీసులో పార్సెలు బరువు పరిమితిని, ఆ దేశానికి పట్టే ఖర్చును ముందే కనుక్కుని కొనుగోలుదారుకు ధర చెప్పండి. ఇత్తడి బరువైన సరుకు గనుక, చెంబు ధర కన్నా తపాలా ఖర్చే ఎక్కువైన సందర్భాలున్నాయి. ఒక్కో వస్తువును విడిగా గుడ్డలో చుట్టి, చెంబు లోపల కూడా కాగితం కూరి కట్టండి. దారిలో ఒకదానికొకటి తగిలి సొట్టపడితే, సరుకు తిప్పి పంపుతామన్న కొనుగోలుదారుతో వాదించడానికి ఇంత దూరం నుంచి మీకు ఆధారం ఉండదు. కట్టే ముందు ప్రతి వస్తువునూ అన్ని వైపుల నుంచి ఫొటో తీసి, పార్సెలు రసీదుతో పాటు దాచండి.